మైక్రోనైజ్ చేసిన మందును మాత్రల పొడిలో సమంగా కలపడం ఎలా?

థైరాయిడ్ గ్రంథి మందగించినవారు రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్రను ఒకసారి తలచుకోండి. మాత్ర బరువు 100 మిల్లీగ్రాములు అనుకుంటే, 25 మైక్రోగ్రాముల మాత్రలో అసలు మందు నాలుగు వేల వంతుల్లో ఒక్క వంతు మాత్రమే. మిగిలినదంతా లాక్టోజ్, సెల్యులోజ్ వంటి పొడులే. ఆ ఒక్క వంతు బ్యాచ్‌లోని లక్షల మాత్రల్లో ప్రతిదానిలోనూ ఒకేలా పడాలి. మోతాదు తగ్గితే రోగికి నీరసం తీరదు, పెరిగితే గుండె దడ మొదలవుతుంది. ఆ తేడా మాత్రను చూస్తే కనపడదు, నాలుకకు తెలియదు. కాబట్టి ఆ బాధ్యత పూర్తిగా పొడి కలిపేవారి మీదే ఉంటుంది.

బాచుపల్లి, జడ్చర్ల, పాశమైలారం వంటి చోట్ల ఫార్ములేషన్ విభాగంలోనో ప్రొడక్షన్‌లోనో కొత్తగా చేరి, మైక్రోనైజ్ చేసిన, అంటే కొద్ది మైక్రాన్ల సైజుకు సన్నగా నూరిన, తక్కువ మోతాదు మందును మొదటిసారి బ్లెండ్ చేయబోతున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. యంత్రం ఏదైనా, కలిపే పద్ధతి మందు కణాల మీద మూడు పనులు చేస్తుంది. ఉండ కట్టిన కణాలను విడగొడుతుంది, విడిపోయిన కణాలను చోటు మారుస్తుంది, ఒక కణాన్ని ఇంకొకదానికి రుద్ది అంటిస్తుంది. మీ చేతిలోని యంత్రం ఈ మూడింటిలో ఏ పని ఎంత చేస్తుందో తెలుసుకోకుండా బ్లెండింగ్ సమయాన్ని మాత్రమే పెంచుకుంటూ పోతే పొడి బాగుపడదు.

ముందుగా కణాల లెక్క వేయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. 100 మిల్లీగ్రాముల మాత్ర, అందులో 1 మిల్లీగ్రాము మందు, బ్యాచ్ 10 కిలోలు, అంటే లక్ష మాత్రలు. మందు 100 గ్రాములు, లాక్టోజ్ 6 కిలోలు, మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ 3.5 కిలోలు, క్రాస్‌కార్మెలోజ్ సోడియం 300 గ్రాములు, కొలాయిడల్ సిలికా 50 గ్రాములు, మెగ్నీషియం స్టియరేట్ 50 గ్రాములు.

మందు కణం 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గోళమనీ, దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములనీ అనుకుంటే, ఒక్క మాత్రలో దాదాపు 14 లక్షల 70 వేల కణాలు ఉంటాయి. అదే కణం 100 మైక్రాన్లయితే మాత్రకు పడేవి సుమారు 1,470 మాత్రమే, 200 మైక్రాన్లయితే దాదాపు 184. పొడి ఎంత బాగా కలిసినా, కణాలు యాదృచ్ఛికంగా పంచుకుపోయినప్పుడు మాత్రకూ మాత్రకూ మధ్య సహజంగా మిగిలే తేడా కణాల సంఖ్య వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. ఆ లెక్కన 10 మైక్రాన్ల దగ్గర అది 0.08 శాతం, 100 మైక్రాన్ల దగ్గర 2.6 శాతం, 200 మైక్రాన్ల దగ్గర 7.4 శాతం. మందును జెట్ మిల్లులో (గాలి వేగంతో కణాలను ఢీకొట్టించి నూరే యంత్రంలో) సన్నగా చేయడానికి కరిగే వేగం ఒక కారణమైతే, ఈ లెక్క రెండో కారణం.

అయితే సన్నబడిన పొడికి ఒక చెడ్డ గుణం అబ్బుతుంది. కణం చిన్నదయ్యేకొద్దీ దాని బరువు వ్యాసం ఘనానికి అనులోమంగా పడిపోతుంది కానీ, పక్క కణానికి అంటుకునే బలం సుమారుగా వ్యాసానికి మాత్రమే అనులోమంగా తగ్గుతుంది. అందుకే 10 మైక్రాన్ల దగ్గరకు వచ్చేసరికి అంటుకునే బలం బరువును మించిపోయి, మందు కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి. విశ్లేషణ పత్రంలో 10 మైక్రాన్లని రాసి ఉన్న పొడి, మీ బ్లెండర్‌లో 200 మైక్రాన్ల పొడిలా నడుచుకుంటుంది. పైన వేసిన 7.4 శాతం లెక్క అప్పుడు మీ బ్యాచ్‌కు వర్తిస్తుంది.

విశ్లేషణ పత్రాన్ని నమ్మే ముందు పొడిని చూడండి

లేజర్ డిఫ్రాక్షన్ యంత్రంలో పొడిని కొలిచేటప్పుడు గాలి ఒత్తిడితో కణాలను విడగొట్టి కొలుస్తారు. కాబట్టి పత్రంలో కనిపించే డీ90 విలువ (పొడిలో 90 శాతం ఏ సైజు కంటే సన్నగా ఉందో చెప్పే అంకె) విడిపోయిన కణాలదే గాని, డ్రమ్ములో పడి ఉన్న ఉండలది కాదు. అదే శాంపిల్‌ను తక్కువ గాలి ఒత్తిడి వద్ద ఒకసారి, ఎక్కువ ఒత్తిడి వద్ద ఇంకోసారి కొలవమని అడగండి. రెండు ఫలితాల మధ్య దూరం ఎంత ఎక్కువగా ఉంటే ఉండలు అంత గట్టివని అర్థం. ఆ వసతి లేకపోతే చిటికెడు పొడిని గాజు పలక మీద చల్లి మైక్రోస్కోప్ కింద పెట్టినా సరిపోతుంది.

మందు మైక్రోనైజ్ చేసిన తేదీని కూడా తెలుసుకోండి. జెట్ మిల్లు దెబ్బలకు కణం ఉపరితలంలో కొంత భాగం స్ఫటిక నిర్మాణం కోల్పోయి అస్తవ్యస్తంగా మారుతుంది. అది తేమ పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ స్ఫటికంగా మారేటప్పుడు పక్క కణాలతో వంతెనలు కట్టుకుంటుంది. మిల్లు నుంచి వచ్చిన వారంలో మెత్తగా రాలిన పొడి, మూడు నెలలు నిల్వ ఉన్నాక చేతి గ్లవుజు మధ్య నలిపితే తప్ప విరగని ఉండలుగా మారడం ఇందువల్లే. పాత లాటుకు కుదిరిన పద్ధతి కొత్త లాటుకు కుదరకపోతే ముందు ఈ తేదీలను పోల్చి చూడండి.

ఉండలు ఎలా ఉంటాయో కళ్లారా చూడాలనుకునేవారికి ఒక చిన్న ప్రయోగం చెబుతాను. ఫోలిక్ ఆమ్లం పసుపు రంగు పొడి. దాన్ని 1 గ్రాము తీసుకుని 99 గ్రాముల లాక్టోజ్‌తో ఒక సీసాలో వేసి వంద సార్లు తిప్పండి. సీసాలో చూస్తే అంతా లేత పసుపుగా, చక్కగా కలిసినట్టే కనిపిస్తుంది. ఇప్పుడు ఒక చెంచాడు తీసి తెల్ల కాగితం మీద పోసి, స్పాచులా బద్దతో నొక్కిపట్టి ఒక్కసారి లాగండి. ఆ తెలుపులో ముదురు పసుపు గీతలు సన్నగా, తోకచుక్కల్లా బయటపడతాయి. ఒక్కో గీత తల దగ్గర నలిగిన ఉండ ఒకటి ఉంటుంది. అదే పొడిని ఒకసారి 60 మెష్ జల్లెడలో వేసి రుద్ది, మళ్లీ తిప్పి, మళ్లీ లాగి చూడండి. గీతలు పొట్టిపడి పలచబడతాయి. మీరు రేపు కలపబోయే తెల్లటి మందులో ఈ గీతలు కనిపించవు కాబట్టి, ఈ పసుపు గీతలను గుర్తుపెట్టుకోవాలి.

గది, సంచి, జల్లెడ

బ్లెండింగ్ గదిలో తేమను ఒక హద్దులో ఉంచండి. గాలి మరీ పొడిగా ఉంటే కణాలు రాపిడికి విద్యుదావేశం పొంది ప్లాస్టిక్ సంచికి, స్టీలు గోడకు అంటుకుపోతాయి. సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే కణాల మధ్య నీటి పొర ఏర్పడి ఉండలు గట్టిపడతాయి. తూకం వేసేది నేరుగా పాలిథీన్ సంచిలోకైతే ఆ సంచిని పారేసే ముందు ఒకసారి ఆలోచించండి: మన ఉదాహరణలో మందు మొత్తం 100 గ్రాములే కాబట్టి, సంచి లోపలి గోడకు 3 గ్రాములు అంటుకుని మిగిలిపోయినా బ్యాచ్ మొత్తం 97 శాతం దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత ఎన్ని చుట్లు తిప్పినా ఆ 3 గ్రాములు తిరిగి రావు. పక్కన తీసిపెట్టుకున్న లాక్టోజ్‌లో కొంత ఆ సంచిలో పోసి, మూతి బిగించి బాగా కుదిపి, ఆ లాక్టోజ్‌ను కూడా మిశ్రమంలోనే కలపండి. దీన్ని రెండుసార్లు చేయాలి. బీఎంఆర్‌లో, అంటే బ్యాచ్ తయారీ రికార్డులో, ఈ సంచి కడిగే మెట్టు లేకపోతే రాయించండి.

జల్లెడ విషయంలోనూ లెక్క ఉంది. 40 మెష్ రంధ్రం 425 మైక్రాన్లు, 60 మెష్ రంధ్రం 250 మైక్రాన్లు. జల్లెడ తన రంధ్రం కంటే పెద్ద ఉండనే విరగ్గొడుతుంది, చిన్నదాన్ని అలాగే వదిలేస్తుంది. సగం ఖాళీలున్న 425 మైక్రాన్ల ఉండలో సుమారు 26 మైక్రోగ్రాముల మందు ఉంటుంది; 250 మైక్రాన్ల ఉండలో 5 మైక్రోగ్రాములు. మన 1 మిల్లీగ్రాము మాత్రకు 5 మైక్రోగ్రాములంటే అర శాతం, దాన్ని భరించవచ్చు. 25 మైక్రోగ్రాముల మాత్రకైతే అదే ఉండ 20 శాతం. అంటే ఒక మందుకు సరిపోయిన జల్లెడ ఇంకో మందుకు ఏమాత్రం సరిపోదు, మోతాదు తగ్గేకొద్దీ జల్లెడను నమ్ముకోవడం మానేసి ఉండను నిజంగా నలిపే యంత్రం వైపు వెళ్లాలి.

మందును ఒంటరిగా జల్లెడ పట్టకండి. ఒంటరిగా పడితే తీగలకు పట్టుకుపోతుంది, కిందపడ్డాక మళ్లీ ఉండ కడుతుంది. ముందుగా కాస్త లాక్టోజ్‌ను జల్లెడ మీద నడిపించి తీగలకు పూత పట్టించి, ఆ తర్వాత మందునూ లాక్టోజ్‌నూ కలిపి జల్లెడ పట్టి, చివర్లో మళ్లీ లాక్టోజ్‌తో జల్లెడను శుభ్రం చేయండి.

సమానపాళ్లుగా పెంచుకుంటూ వెళ్లండి

బీఫార్మసీ మొదటి ఏడాదిలో కల్వంలో నూరి నేర్చుకున్న జ్యామెట్రిక్ డైల్యూషన్ ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. 100 గ్రాముల మందుకు 100 గ్రాముల లాక్టోజ్ కలపండి. ఆ 200 గ్రాములకు ఇంకో 200, ఆ 400కు 400, ఆ 800కు 800, ఆ 1,600కు 1,600 గ్రాములు. ఐదు మెట్లలో 3.2 కిలోల ప్రీమిక్స్ తయారవుతుంది, లాక్టోజ్‌లో 3.1 కిలోలు ఖర్చవుతాయి. మిగిలిన 2.9 కిలోల లాక్టోజ్, సెల్యులోజ్, క్రాస్‌కార్మెలోజ్, సిలికా తర్వాత బ్లెండర్‌లో చేరతాయి. సిలికా కూడా ఉండ కట్టే పొడే కాబట్టి దాన్ని సెల్యులోజ్‌తో కలిపి జల్లెడ పట్టి వేయండి.

ప్రీమిక్స్‌కు వాడే లాక్టోజ్ రకం గురించి రెండు మాటలు. 1975లో హెర్సీ అనే శాస్త్రవేత్త ‘ఆర్డర్డ్ మిక్సింగ్’ అనే భావనను ప్రతిపాదించాడు. సన్నని మందు కణాలు ముతక కణాల ఉపరితలానికి అతుక్కుని, వాటితో పాటే ప్రయాణిస్తాయన్నది దాని సారం. అంటే మందు ఉండ కట్టే గుణాన్నే మనకు అనుకూలంగా తిప్పుకుంటున్నాం. మందు మందుకు అతుక్కునే బదులు లాక్టోజ్‌కు అతుక్కుంటుంది. అయితే లాక్టోజ్ కణాలే రకరకాల పరిమాణాల్లో ఉంటే, సన్న లాక్టోజ్‌కు బరువుకు తగ్గ ఉపరితలం ఎక్కువ కనుక అది ఎక్కువ మందును మోస్తుంది, తర్వాత ఆ సన్న లాక్టోజ్ వేరుపడినప్పుడు మందు కూడా దానితోపాటే వేరుపడుతుంది. అందుకని పరిమాణం ఇరుకైన హద్దుల్లో ఉన్న లాక్టోజ్‌ను ఎంచుకోండి.

ఏ యంత్రం ఏం చేస్తుంది

వీ ఆకారపు బ్లెండర్, డబుల్ కోన్, బిన్ బ్లెండర్ ఇవన్నీ పొడిని దొర్లించేవి. ఇవి కణాలను చోటు మార్చడంలో దిట్టలు, ఉండలను విరగ్గొట్టడంలో బలహీనులు. పొడి పొడి మీద జారుతుందే తప్ప గట్టి ఉండను నలిపేంత కోత బలం వాటిలో పుట్టదు. లోపల తిరిగే ఇంటెన్సిఫయర్ బార్ ఉన్న వీ బ్లెండర్ కొంత నయం.

ర్యాపిడ్ మిక్సర్ గ్రాన్యులేటర్, అంటే మన షాప్ ఫ్లోర్ భాషలో ఆర్‌ఎంజీ, ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అడుగున తిరిగే ఇంపెల్లర్ పొడిని గోడకేసి తోస్తుంది, పక్కనుంచి వచ్చే చాపర్ నిమిషానికి దాదాపు 1,500 లేదా 3,000 చుట్ల వేగంతో ఉండలను కొడుతుంది. ఐదు పది నిమిషాల్లో ప్రీమిక్స్ విడిపోతుంది. దీనికి మూల్యం లేకపోలేదు: పొడి వేడెక్కుతుంది, విద్యుదావేశం పెరుగుతుంది, పెళుసు లాక్టోజ్ విరిగి సన్న తునకలు పుడతాయి, మెత్తని మందయితే లాక్టోజ్ మీద పూసుకుపోయి కరిగే తీరు మారవచ్చు. గిన్నె నిండుదనాన్ని సరిగ్గా చూసుకోండి, చాలా తక్కువ పొడి వేస్తే చాపర్ గాలిలోనే తిరుగుతుంది.

నా మనసుకు బాగా నచ్చిన దారి ఈ రెండింటి మధ్యది. కాసేపు దొర్లించి, ఆ మిశ్రమాన్ని సన్న రంధ్రాల తెర ఉన్న కోనికల్ మిల్లు గుండా పంపి, మళ్లీ దొర్లించాలి. మిల్లు ఉండలను ఒక్కొక్కటిగా తెరకేసి నలిపి పంపుతుంది, పొడి అందులో ఉండేది క్షణకాలమే కనుక వేడీ అరుగుదలా తక్కువ. ఇది నేను అనుభవంతో నేర్చుకున్న సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తక్కువ మోతాదు మందు బ్యాచ్‌లో ముప్పై మాత్రలు పరీక్షిస్తే ఇరవై తొమ్మిది చక్కగా ఉండి, ఒకటి మాత్రం హద్దు దాటి ఎంతో పైన నిలిచింది. కలపడం చాలలేదనుకుని మేము బిన్ తిప్పే సమయాన్ని రెట్టింపు చేశాం. తర్వాతి బ్యాచ్‌లోనూ అలాంటి మాత్ర ఒకటి కనిపించింది. దాన్ని ఎవరో ఒకరు నమ్మకంతో మింగేవారు కదా అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. చివరికి పెద్దాయన ఒకరు వచ్చి, బిన్ తిప్పే సమయాన్ని పాత అంకెకే తగ్గించి, ప్రీమిక్స్‌ను మిల్లు గుండా పంపించారు. అలాంటి మాత్ర మళ్లీ కనిపించలేదు.

పీల్చే మందుల పొడి కలిపేవారు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. సాల్బ్యుటమాల్ వంటి మందును 1 నుంచి 5 మైక్రాన్ల సైజులో ముతక లాక్టోజ్ మీద ఎక్కించి ఇన్‌హేలర్ పొడి చేస్తారు. అక్కడ మందు లాక్టోజ్‌కు అతుక్కోవాలి, రోగి ఊపిరి పీల్చగానే విడిపోవాలి కూడా. కోత బలం మరీ ఎక్కువైతే మందు కణాలు లాక్టోజ్ గుంతల్లోకి నొక్కుకుపోయి ఊడిరావు. మందు ఊపిరితిత్తులకు చేరకుండా లాక్టోజ్‌తో పాటు గొంతులోనే ఆగిపోతుంది. కోత బలం తక్కువైతే ఉండలు మిగులుతాయి. మోతాదు సమానంగా ఉందన్న ఒక్క ఫలితంతో అక్కడ తృప్తిపడకూడదు, ఇంపాక్టర్ పరీక్షలో (గాలిలో తేలే కణాలను సైజుల వారీగా విడదీసి కొలిచే పరీక్ష) సన్న కణాల భాగం ఎంతో ప్రతి మిక్సింగ్ సమయం దగ్గరా చూడాలి.

మందును నీటిలోనో ద్రావకంలోనో కరిగించి పొడి మీద చిమ్మే తడి పద్ధతులు ఉండల సమస్యను మొదటే తీసేస్తాయి. కాకపోతే ఆరబెట్టేటప్పుడు కరిగిన మందు నీటితోపాటు గుళిక ఉపరితలానికి వలసపోవచ్చు. తేమకు చెడే మందుకు ఈ దారి పనికిరాదు.

బ్లెండర్ నింపడం, తిప్పడం

బ్లెండర్ పరిమాణంలో 50 నుంచి 70 శాతం వరకే నింపండి. పొడి దొర్లడానికి ఖాళీ కావాలి. 80 శాతం దాటితే మధ్యలో కదలని ముద్ద ఒకటి మిగిలిపోతుంది. ప్రీమిక్స్‌ను రెండు ఎక్సిపియెంట్ (మందు కాని పొడి) పొరల మధ్య శాండ్‌విచ్‌లా వేయండి. వీ బ్లెండర్‌లోనైతే రెండు చేతుల్లోనూ సమంగా పడాలి, ఎందుకంటే పైనుంచి కిందికి కలవడం అందులో వేగంగా జరుగుతుంది గాని, ఒక చేతి నుంచి రెండో చేతిలోకి పొడి దాటడం చాలా నెమ్మది. మందంతా ఒకే చేతిలో పోసి, మామూలు సమయం తిప్పి, బాగా కలిసిందని అనుకోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

లెక్కపెట్టవలసింది నిమిషాలను కాదు, చుట్లను. ల్యాబ్ బ్లెండర్‌లో కుదిరిన చుట్ల సంఖ్యను పెద్ద బ్లెండర్‌కు తీసుకెళ్లేటప్పుడు ఫ్రౌడ్ సంఖ్యను (తిరగడం వల్ల పుట్టే బలానికీ గురుత్వ బలానికీ ఉన్న నిష్పత్తిని) సమానంగా ఉంచడం ఒక ఆధారం. తిరిగే వ్యాసార్ధం నాలుగు రెట్లయితే వేగం సగానికి తగ్గాలి. ఉదాహరణకు వ్యాసార్ధం 0.2 మీటర్లున్న బ్లెండర్‌ను నిమిషానికి 24 చుట్లతో 10 నిమిషాలు తిప్పితే 240 చుట్లు. వ్యాసార్ధం 0.8 మీటర్లున్నదాన్ని నిమిషానికి 12 చుట్లతో 20 నిమిషాలు తిప్పితే అవే 240 చుట్లు, అదే ఫ్రౌడ్ సంఖ్య. ఇది మొదటి అంచనా మాత్రమే, ఎందుకంటే పెద్ద బ్లెండర్‌లో పొడి బరువే పొడిని ఎక్కువగా నొక్కుతుంది. దాని తర్వాత 120, 180, 240, 360 చుట్ల దగ్గర శాంపిళ్లు తీసి చూసి, తేడా తగ్గడం ఆగిన చోటే ఆగండి. ఇంకా తిప్పితే కొన్ని మిశ్రమాలు మళ్లీ విడిపోవడం మొదలుపెడతాయి.

లూబ్రికేషన్ వేరే మెట్టు, దాన్ని బ్లెండింగ్‌లో కలిపేయకండి. మెగ్నీషియం స్టియరేట్‌ను 60 మెష్ గుండా పట్టి చివర్లో వేసి, రెండు నుంచి ఐదు నిమిషాల లోపు ముగించండి. స్టియరేట్ పలకలు పొరలు పొరలుగా ఊడి ప్రతి కణం మీదా పూసుకుంటాయి. ఆ పూత ఎక్కువయ్యేకొద్దీ కణాలు ఒకదానికొకటి పట్టుకోవు, మాత్ర మెత్తబడుతుంది, నీరు లోపలికి ఇంకక మందు విడుదల ఆలస్యమవుతుంది. నొక్కితే అణిగిపోయే సెల్యులోజ్ ఎక్కువున్న ఫార్ములాకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. నొక్కితే విరిగి కొత్త ముఖాలు చూపే లాక్టోజ్‌కు తక్కువ.

శాంపిళ్లు తీసి, అంకెలను చదవడం

బ్లెండర్‌లో కనీసం పది చోట్ల నుంచి, ఒక్కో చోట మూడేసి శాంపిళ్లు తీయండి. పై పొర, మధ్య, అడుగు, మూలలు, మూతి దగ్గర అన్నీ రావాలి. శాంపిల్ బరువు ఒకటి నుంచి మూడు మాత్రల బరువుకు మించకూడదు. 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసు తీర్పు తర్వాత ఈ పట్టింపు పరిశ్రమలో స్థిరపడింది, దాని వెనుక ఉన్న కారణం సులభమే: శాంపిల్ పెద్దదయ్యేకొద్దీ ఉండలు సగటులో మునిగిపోతాయి. తీసిన శాంపిల్‌ను మళ్లీ విడగొట్టకుండా మొత్తాన్నీ విశ్లేషణకు పంపండి. శాంప్లింగ్ రాడ్ దిగేటప్పుడు పై పొరలోని పొడిని కిందికి ఈడ్చుకుపోతుంది కాబట్టి ఒకే దారిలో రెండుసార్లు దించకండి.

చోటుకు మూడు శాంపిళ్లు ఎందుకంటే, తేడా ఎక్కడ నుంచి వస్తోందో ఒక్క శాంపిల్ చెప్పలేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో విడుదల చేసిన శాంప్లింగ్ ముసాయిదాను 2013లో ఉపసంహరించుకున్నప్పుడు ఈ విషయాన్నే ఎత్తిచూపింది. ఒక చోట మూడు ఫలితాలూ (ఉండవలసిన మందులో శాతాలుగా) 99, 100, 99గా వచ్చి, ఇంకో చోట 92, 93, 92గా వచ్చాయనుకోండి. చోటులోపల ఏకాభిప్రాయం ఉంది, చోట్ల మధ్య లేదు. అంటే మందు విడిపోయింది గాని ఇంకా అన్ని మూలలకూ చేరలేదు. చుట్లు పెంచండి, నింపిన తీరు మార్చండి. దానికి బదులు చోట్ల సగటులన్నీ దగ్గరదగ్గరగా ఉండి, ఒక చోట 98, 99, 112 అని వస్తే అది ఉండ. దానికి చుట్లు పెంచడం మందు కాదు. మిల్లో, ఆర్‌ఎంజీయో, సన్న జల్లెడో కావాలి. నా ఉద్దేశంలో ఈ పని మొత్తంలో నేర్చుకోదగ్గ అత్యంత విలువైన విషయం ఇదే. ఆర్‌ఎస్‌డీ (సగటులో శాతంగా చెప్పే ప్రామాణిక విచలనం) 5 శాతం లోపల ఉందా లేదా అన్న ఒక్క అంకెనే చూసేవారికి ఈ తేడా ఎప్పటికీ కనపడదు.

తర్వాత మాత్రలను పరీక్షిస్తారు. అమెరికా ఫార్మకోపియా 905వ అధ్యాయం ప్రకారం, మందు 25 మిల్లీగ్రాముల కంటే తక్కువైనా, మాత్ర బరువులో 25 శాతం కంటే తక్కువైనా, ఒక్కో మాత్రలోని మందును విడిగా కొలవాలి. పది మాత్రల సగటు 98.5 నుంచి 101.5 శాతం మధ్య ఉంటే, ప్రామాణిక విచలనాన్ని 2.4తో గుణిస్తే వచ్చేదే అంగీకార విలువ. అది 15 దాటకూడదు. అంటే విచలనం 6.25 దగ్గరే హద్దు. సగటు పక్కకు జరిగితే ఆ హద్దు ఇంకా ఇరుకవుతుంది. సంచిలో అంటుకుపోయిన ఆ 3 గ్రాముల మందు ఇక్కడ మళ్లీ తలెత్తుతుంది.

బిన్ నుంచి ప్రెస్ దాకా

చక్కగా కలిసిన పొడి బిన్‌లోంచి దిగేటప్పుడు చెడిపోవచ్చు. ఎత్తునుంచి పడితే గాలితో సన్న కణాలు పైకి లేచి, చివరికి పై పొరగా కూర్చుంటాయి. సగం ఖాళీ అయిన హాపర్‌లో (ప్రెస్‌కు పొడి అందించే గరాటులో) ముతక కణాలు గోడల వైపు దొర్లిపోతాయి. పడే ఎత్తును తగ్గించండి, బిన్‌ను మాత్రలు నొక్కే ప్రెస్ పైన నేరుగా దించే వీలుంటే డ్రమ్ముల్లోకి మార్చడం మానుకోండి, కలిపిన పొడిని ట్రాలీ మీద గతుకుల నేల మీద దూరాలు తిప్పకండి. నిల్వ సమయం ఎంతవరకు భరిస్తుందో నిరూపించుకుని ఆ లోపలే కంప్రెషన్ ముగించండి.

కంప్రెషన్ మొదలైన వెంటనే, మధ్యలో, హాపర్ ఖాళీ అయ్యే చివరి నిమిషాల్లో విడివిడిగా మాత్రలు తీసి కొలిపించండి. చివరి మాత్రల్లో మందు పెరుగుతూ పోతుంటే పొడి దిగే దారిలో విడిపోతోందన్నమాట. అప్పుడు బ్లెండర్ సమయాన్ని ముట్టుకోకుండా హాపర్ వాలును, పడే ఎత్తును, లాక్టోజ్ పరిమాణాన్ని చూడండి. హాపర్ అడుగున మిగిలిన ఆఖరి పొడిని ఎంత బరువు దగ్గర నుంచి వదిలేయాలో ఈ ఫలితాల ఆధారంగా నిర్ణయించి, ఆ బరువును బీఎంఆర్‌లో రాయండి.